ముందు పలికినది

కొరూష్ ఊరు దాటాక ఎడమకు మట్టిదారి.
రెండు పక్కలా కార్కు చెట్లు,
ఒలిచిన ఏడు ఎర్రగా ఉండి, ఇప్పుడు నల్లబడ్డ మొండేలు,
వాటి మీద తెల్లరంగుతో ఒక్కొక్క అంకె.
ఏడంటే పదిహేడులో ఒలిచారని,
ఈ వేసవికి తొమ్మిదేళ్లు నిండి మళ్లీ గొడ్డలి తాకవచ్చునని.
ఇక్కడ చెట్టుకు పేరుండదు, అంకె ఉంటుంది.

ఆఫీసులో గొడవ దీనికి తలకిందులు.

"సొబ్రెయిరు పలకడం లేదు" అంది ఎవులాలియా,
ఇంట్లో మనిషి అలిగినట్టు.
సొబ్రెయిరు బీరువా మీది నల్లపెట్టె.
చెట్టు పేరే పెట్టెకు పెట్టారు.
రెండు డిస్కులు, ఒక పచ్చదీపం,
పంతొమ్మిదేళ్ల తూకాలు, బిల్లులు, లారీల నంబర్లు,
ఎవరి పాపదో పుట్టినరోజు ఫొటోలు కూడా.
ఐదు కంప్యూటర్లూ దాన్ని పేరు పెట్టే పిలుస్తాయి.
బుధవారం సాయంత్రం దాకా పలికింది.

నంబరు కొట్టి చూశాను.
నూట తొంభై రెండు, చుక్క, నూట అరవై ఎనిమిది, చుక్క,
ఒకటి, చుక్క, నలభై.
రెప్ప వేసేలోగా బదులు.
ఫోల్డర్లన్నీ బారులు తీరి కూర్చున్నాయి.
"ఇంకేం! ఆ నంబరే చీటీ మీద రాసి అతికించుకుంటాం,
మీరు కాఫీ తాగి వెళ్లండి" అన్నాడు తూకం గష్పార్.
కాఫీ తాగాను. వెళ్లలేదు.
నంబరు అద్దె ఇల్లు గష్పార్,
రూటరు ఇస్తుంది, రూటరు ఖాళీ చేయిస్తుంది.
రేపు నలభైలో ప్రింటరు కాపురం పెట్టొచ్చు.

మళ్లీ పేరుతో పిలిచాను,
ఉలుకూ పలుకూ ఉండదనుకుంటూ.
పలికింది.
పలికింది గానీ, పదిహేడు నుంచి.

పదిహేడు ఎవరు?
ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
నీలం కేబుల్ పట్టుకుని నడిచాను,
గోడ వెంట, వంటగది సింకు కింద,
నమూనాల గదిలో కార్కు పలకల దొంతర వెనక్కి.
మూడుకాళ్ల స్టూలు మీద పాత కంప్యూటరు,
ఉబ్బసం మనిషిలా ఫ్యాను ఈల వేస్తోంది.

"అయ్యో, కుష్టోదియాది" అంది ఎవులాలియా.
"ఆమె రిటైరై తొమ్మిదేళ్లు.
అప్పట్లో సొబ్రెయిరు అంటే ఇదే."

తేమ మీటరు కోసం గష్పార్ ఒక స్విచ్చి వేశాడట, పోయిన వారం.
బుధవారం రాత్రి కరెంటు పోయి వచ్చింది.
పాతది ముందు లేచింది.
సొబ్రెయిరు ఎవరని తీగల్లో ఎవరో అడిగారు.
నేనే, అంది.
అబద్ధమాడలేదు.
నువ్వు కాదని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఇక్కడ ఇముడుతాయి.
ముందు పలికినదాన్నే అందరూ నమ్ముతారు.

పాస్‌వర్డు ఫోనులో చెప్పనంది కుష్టోదియా.
నలభై నిమిషాలకు వచ్చింది,
తోటపని తొడుగులు చంకలో, మోకాళ్లకు మట్టి.
"అటు తిరగండి."
ముగ్గురం గోడకు తిరిగి కార్కు పలకలు చూస్తూ నిలబడ్డాం.
వద్దనుకుంటూనే లెక్కపెట్టాను. పదకొండు టక్కులు.

తెరమీద ఒక పట్టిక, సగం నిండినది.
రెండువందల పన్నెండో చెట్టు, బరువు గడి ఖాళీ.
"లారీ వచ్చింది, లేచాను" అంది, నిన్నటి మాటలా.
బరువు తనకు గుర్తుందన్నాడు గష్పార్.
"నీకేం గుర్తుండదు" అంది.
గడి అలాగే వదిలేసింది.
దీనికి వేరే పేరు పెట్టొచ్చు, అన్నాను.
వద్దని తనే ఆపింది,
ఖాయమేనా అని అడిగిన పెట్టెలో ఏముందో చదవకుండా.

అయినా ఐదు కంప్యూటర్ల తలల్లో పదిహేడే ఉంది.
ఒక్కోదాని ముందు కూర్చుని మరిపించాను.
ఒక ఆదేశం, ఒక ఎంటరు, ఐదుసార్లు.
నలభైని పెట్టెకే రాసిచ్చెయ్యమని రూటరుకు చెప్పాను.
ఎవులాలియా పేరు కొట్టింది. తెరుచుకుంది.
"ఇంతేనా?" అంది.

బిల్లులో చేసిన పని అన్నచోట
చాలాసేపు కలం ఆగింది.
పేరు, గంటన్నర, అని రాశాను.

కుష్టోదియాను వ్యానులో ఎక్కించుకున్నాను.
మట్టిదారిలో మూడో మలుపు దగ్గర
కిటికీలోంచి వేలు చూపించింది,
"అదిగో, రెండువందల పన్నెండు."
వేగం తగ్గించి చూశాను.
మొండెం మీద ఏడు. పక్కదాని మీదా ఏడే.